భూవిజ్ఞానంలో ఓపెన్ యాక్సెస్ ప్రచురణ: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం

పరిశోధన వ్యాసాలను చందా కట్టకుండా, ఎవరి అనుమతీ అడగకుండా ఎవరైనా చదువుకుని, దాచుకుని, మూలం చెప్పి తిరిగి వాడుకునేలా ప్రచురించడమే ఓపెన్ యాక్సెస్. అన్ని శాస్త్రాల్లోనూ ఈ పద్ధతి ఉంది. అయితే భూవిజ్ఞానంలో దీనికి మరో కోణం ఉంది. గణితంలో ఒక సిద్ధాంతానికి ఊరూ పేరూ ఉండవు. భూవిజ్ఞాన వ్యాసానికి మాత్రం ఫలానా కొండ, ఫలానా వాగు, ఫలానా ఊరి బావి అనే చిరునామా ఉంటుంది. రాతి నమూనా తీసింది ఒకరి పొలం గట్టున, నీటి నమూనా పట్టింది ఒకరి బోరు దగ్గర. ఆ చిరునామాలో బతికేవాళ్లు ఆ వ్యాసం చదవలేకపోవడం భూవిజ్ఞానంలో చాలాకాలంగా మామూలు విషయమైంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4 వరకు ఇది అనంతపురం జిల్లాలో భాగం.

నేల, దాని మీద వచ్చిన వ్యాసాలు

ఈ మూడు పట్టణాలూ దార్వార్ క్రేటాన్ అనే అతి పురాతన భూఖండపు తూర్పు భాగంలో ఉన్నాయి. ఎక్కడ చూసినా గ్రానైటు, నైస్ శిలలే. పెనుకొండ కోట ఉన్న కొండా, లేపాక్షిలో బసవన్నను మలిచిన బండా ఈ జాతివే. మధ్యమధ్యలో ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నల్లరాయి గోడల్లా నిలువుగా చొచ్చుకొచ్చి కిలోమీటర్ల పొడవున సాగుతుంది. భూవిజ్ఞానులు వీటిని డైకులంటారు. క్వారీ వ్యాపారంలో ఇదే రాయి నల్ల గ్రానైటుగా అమ్ముడుపోతుంది.

పెనుకొండ దగ్గరి ఇలాంటి ఒక డైకుకు ప్రపంచ భూవిజ్ఞాన సాహిత్యంలో స్థానముంది. టొరంటోకు చెందిన హెన్రీ హాల్స్, మైకేల్ హామిల్టన్, మన దేశానికి చెందిన అనిల్ కుమార్, ఆర్. శ్రీనివాసన్ కలిసి 2007లో ‘ప్రీకేంబ్రియన్ రీసెర్చ్’ పత్రికలో దార్వార్ క్రేటాన్‌లోని తూర్పు పడమరల డైకుల మీద ఒక వ్యాసం ప్రచురించారు. రాతిని పొడిచేసి, అందులోంచి బాడెలెయైట్ అనే సూక్ష్మ ఖనిజ స్ఫటికాలను ఏరి, వాటిలో యురేనియం ఎంత మేరకు సీసంగా మారిందో కొలిచి వయసు కట్టారు. బెంగళూరుకు దక్షిణాన ఉన్న హారోహళ్లి డైకు వయసూ, పెనుకొండ డైకు వయసూ దాదాపు ఒకటేనని తేలింది. అది సుమారు 236 కోట్ల 60 లక్షల ఏళ్లు. లెక్కలో తేడా ఉంటే పది పదిహేను లక్షల ఏళ్లకు మించదు. అంత దూరంలో ఉన్న రెండు రాళ్లు ఒకే కాలంలో పైకి ఉబికాయంటే, ఆ కాలంలో భూగర్భంలో ఒక మహా శిలాద్రవ సంఘటన జరిగిందని అర్థం. రాళ్లలో నిలిచిపోయిన అయస్కాంత దిశను బట్టి ఆనాడు ఈ భూఖండం భూగోళం మీద ఎక్కడుందో కూడా ఆ వ్యాసం అంచనా కట్టింది.

‘ప్రీకేంబ్రియన్ రీసెర్చ్’ను ప్రచురించేది నెదర్లాండ్స్‌కు చెందిన ఎల్సెవియర్. అది చందా పత్రిక. చందా కట్టిన సంస్థలో సభ్యత్వం లేని వ్యక్తికి కనిపించేది శీర్షిక, రచయితల పేర్లు, సారాంశం మాత్రమే. అసలు వ్యాసం కావాలంటే ఒక్కదానికే డాలర్లలో వెల కట్టాలి.

రామగిరి కథా ఇంతే. ధర్మవరానికి చేరువలోని రామగిరి షిస్టు పట్టీ బంగారానికి పేరుమోసింది. భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడేదాకా ఇక్కడ గని నడిచింది. ఈ పట్టీ చుట్టూ ఉన్న శిలల్లోని జిర్కాన్, టైటనైట్ స్ఫటికాల వయసును ఎస్. బాలకృష్ణన్, వి. రాజమణి, గిల్బర్ట్ హాన్సన్ నిర్ధారించారు. తూర్పు దార్వార్ ఒకేసారి ఏర్పడిన ముక్క కాదని, వేర్వేరు భూభాగాలు వచ్చి అతుక్కోగా తయారైందని వాదిస్తూ 1999లో ‘జర్నల్ ఆఫ్ జియాలజీ’లో రాశారు. భారత భూగర్భ చరిత్ర చదివేవారు తప్పించుకోలేని వ్యాసమది. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం నడిపే ఆ పత్రికా చందాదారులకే. ధర్మవరం మండలంలోని చిగిచెర్ల దగ్గర కింబర్లైట్ శిలలున్నాయి. వజ్రకరూరు వజ్రాలకు చుట్టాలైన ఆ రాళ్ల మీద వచ్చిన సాహిత్యంలోనూ పెద్ద భాగం చందా పత్రికల్లోనే ఉంది.

ఇందులో రచయితల తప్పేమీ లేదు. మంచి పత్రికలో వ్యాసం వస్తేనే పదోన్నతి, గుర్తింపు. ఆ మంచి పత్రికల్లో చాలావరకు ఆ రోజుల్లో చందా పత్రికలే. కానీ క్షేత్ర పర్యటనకూ, జీతాలకూ ప్రజల పన్నుల డబ్బే ఆధారమైనప్పుడు ఫలితం ప్రజలకు అందకపోవడం అన్యాయం. ఓపెన్ యాక్సెస్ ఉద్యమానికి పునాది ఈ వాదనే. పెనుకొండ లాంటి చోట దాని బలం కళ్లకు కడుతుంది.

పాత గ్రంథాలే తేలిక

వింతగా తోచినా, ఈ ప్రాంతం గురించి నూట పాతికేళ్ల కిందట రాసింది చదవడం పాతికేళ్ల కిందట రాసింది చదవడం కన్నా సులువు. 1851లో ఏర్పడిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ, పందొమ్మిదో శతాబ్దంలో ‘మెమాయిర్స్’, ‘రికార్డ్స్’ అనే రెండు పరంపరల్లో తన పనిని అచ్చు వేసింది. కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద విలియం కింగ్ రాసిన 1872 నాటి గ్రంథం అందులోదే. దక్షిణాదిలో బంగారమున్న దార్వార్ శిలల పట్టీలను వరసపెట్టి వర్ణించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ రచనలూ అక్కడివే. కాపీరైటు గడువు తీరిపోవడంతో ఇవి స్కాన్ ప్రతులుగా అంతర్జాల గ్రంథాలయాల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. గుర్రం మీదా ఎద్దుబండి మీదా తిరిగి రాసిన ఆ వర్ణనల్లో కొండలు, వాగులు, పాత గని గోతులు ఎంత ఓపికగా నమోదయ్యాయో చూస్తే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. అయితే ఐసోటోపులతో రాతి వయసు కట్టడం ఇరవయ్యో శతాబ్దపు విద్య. కాబట్టి ఉచితంగా దొరికే సాహిత్యంతోనే ఆగిపోయిన విద్యార్థికి ఆ రాతి వయసు ఎప్పటికీ తెలియదు.

ఉద్యమం నడిచిన దారి

1991లో భౌతిక శాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ భాండాగారాన్ని మొదలుపెట్టారు. పత్రికకు పంపకముందే రాతప్రతిని అందరి ముందూ పెట్టడం అక్కడి పద్ధతి. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన ఓపెన్ యాక్సెస్‌కు నిర్వచనం ఇచ్చింది. మరుసటేడు బెర్లిన్ ప్రకటన వచ్చింది.

భూవిజ్ఞానంలో తొలి పెద్ద అడుగు వాతావరణ శాస్త్రం వైపు నుంచి పడింది. 2001లో ‘అట్మాస్ఫెరిక్ కెమిస్ట్రీ అండ్ ఫిజిక్స్’ మొదలైంది. దాని వెనుక ఉల్రిష్ పోష్ల్, నోబెల్ గ్రహీత పాల్ క్రుట్జెన్ ఉన్నారు. జర్మనీలోని కోపర్నికస్ ప్రచురణ సంస్థ, యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ కలిసి నడిపిన ఈ తరహా పత్రికల్లో వ్యాసమే కాదు, సమీక్షకులు అడిగిన ప్రశ్నలు, రచయితలు ఇచ్చిన జవాబులు కూడా అందరికీ కనిపిస్తాయి. నా దృష్టిలో ఇది ఉచితంగా చదవనివ్వడం కన్నా పెద్ద సంస్కరణ. ఒక అంకె మీద ఎవరికి ఏ అనుమానం వచ్చింది, దాన్ని ఎలా తీర్చారు అన్నది చిన్న కళాశాలలో కూర్చున్న విద్యార్థికి కూడా తెలుస్తుంది. పరిశోధన ఎలా చేయాలో దగ్గరుండి నేర్పే గురువు దొరకని చోట ఆ ప్రశ్నోత్తరాలే పాఠం.

తర్వాత 2017లో ఎర్త్‌ఆర్కైవ్ పేరుతో భూవిజ్ఞానానికే ప్రత్యేకమైన ప్రీప్రింట్ భాండాగారం వచ్చింది. అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ 1997 నుంచి వచ్చిన తన వ్యాసాలను, ప్రచురించిన 24 నెలల తర్వాత ఉచితంగా తెరిచింది. దాని ప్రఖ్యాత పత్రిక ‘జియోఫిజికల్ రీసెర్చ్ లెటర్స్’ 2023లో పూర్తిగా ఓపెన్ యాక్సెస్‌గా మారింది.

ఖర్చు ఎవరి నెత్తిన

చదివేవారు కట్టకపోతే ఎవరో ఒకరు కట్టాలి. గోల్డ్ పద్ధతిలో రచయితో, ఆయన సంస్థో ప్రచురణ రుసుము చెల్లిస్తారు. హైబ్రిడ్ పద్ధతిలో పత్రిక చందాదారులదే, కానీ రుసుము కట్టిన వ్యాసం మటుకు తెరుస్తారు. గ్రీన్ పద్ధతిలో వ్యాసం చందా పత్రికలో వచ్చినా, ఆమోదం పొందిన రాతప్రతిని రచయిత తన సంస్థ భాండాగారంలో ఉంచుతారు. డైమండ్ పద్ధతిలో ఇటు చదివేవారికీ అటు రాసేవారికీ రుసుము ఉండదు. విశ్వవిద్యాలయాలో, శాస్త్ర సంఘాలో, స్వచ్ఛందంగా పనిచేసే సంపాదకులో ఆ భారం మోస్తారు.

రచయిత కట్టే రుసుము భారం రాయలసీమ లాంటి చోట ఎంతుంటుందో ఒక లెక్క చూస్తే చాలు. ‘నేచర్’ కుటుంబ పత్రికల్లో వ్యాసాన్ని తెరిచి ఉంచడానికి 2020 చివర్లో ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. అప్పటి మారకంలో ఎనిమిది లక్షల రూపాయలకు పైమాటే. ‘నేచర్ జియోసైన్స్’ ఆ కుటుంబంలోదే. మన దేశంలో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, అంటే ఏడాదికి 4 లక్షల 44 వేలు. విద్యార్థి దాదాపు రెండేళ్ల జీవనభృతి ఒక్క వ్యాసానికి సరిపోతుంది. రుసుము తగ్గించే వెసులుబాట్లున్నా అవి ప్రధానంగా అతి తక్కువ ఆదాయ దేశాలకే. గోల్డ్ పద్ధతి చదువరి ముందున్న తలుపు తీసి రచయిత ముందున్న తలుపు వేస్తుందనే విమర్శ ఇందుకే వచ్చింది.

భూవిజ్ఞానులు దీనికి వెతుక్కున్న జవాబు డైమండ్ పత్రికలు. అగ్నిపర్వతాల అధ్యయనానికి ‘వోల్కానికా’ 2018లో వచ్చింది. భూకంపాలకు ‘సీస్మికా’, భూఫలకాల నిర్మాణానికి ‘టెక్టోనికా’, అవక్షేప శిలలకు ‘సెడిమెంటోలాజికా’ ఆ తర్వాత వచ్చాయి. వీటిని నడిపేది పరిశోధకులే.

భారతదేశంలో డైమండ్ అన్న పేరు లేకుండానే ఆ పని చాలా ముందే జరిగింది. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికలను రచయితల నుంచి రుసుము తీసుకోకుండా తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచింది. పూర్వం అకాడమీ ‘ప్రొసీడింగ్స్’లో భాగమై, 2005 నుంచి ‘జర్నల్ ఆఫ్ ఎర్త్ సిస్టమ్ సైన్స్’ పేరుతో వస్తున్న పత్రిక అందులో ఒకటి. హిందూపురానికి అంత దగ్గరలో ఉన్న నగరం నుంచి వచ్చే ఈ పత్రికకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ప్రభుత్వ విధానాలు

కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాలు 2014 డిసెంబరులో ఉమ్మడి ఓపెన్ యాక్సెస్ విధానాన్ని ప్రకటించాయి. తమ నిధులతో వచ్చిన వ్యాసాల రాతప్రతులు సంస్థాగత భాండాగారాల్లో ఉండాలన్నది దాని సారం. పేరుకు విధానం ఉన్నా అమలు చేయించే యంత్రాంగం బలహీనం. భాండాగారాలు ఒకచోట నిండుగా, ఒకచోట ఖాళీగా ఉన్నాయి. సిద్ధాంత గ్రంథాల విషయంలో మాత్రం గట్టి ఫలితం కనిపిస్తుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు ఎవరైనా దించుకోవచ్చు. అనంతపురంలోని శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల జరిగిన భూగర్భ జలాల అధ్యయనాల వివరాలు పత్రికా వ్యాసంలో కన్నా అక్కడే విస్తారంగా దొరుకుతాయి. ఊరి పేర్లు, బావుల జాబితాలు, నీటి పరీక్షల పట్టికలు వ్యాసంలో పట్టవు, సిద్ధాంత గ్రంథంలో పడతాయి.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు, దాదాపు 1.8 కోట్ల మందికి అందాలన్నది లక్ష్యం. ఎల్సెవియర్ కూడా ఆ 30లో ఉంది. దీంతో పథకంలో చేరిన ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థి ఇప్పుడు పెనుకొండ డైకు వ్యాసాన్ని తెరవగలడు. ఇది చిన్న మార్పు కాదు.

అయినా ఇది ఓపెన్ యాక్సెస్ కాదు, పెద్ద ఎత్తున కట్టిన చందా. ప్రైవేటు కళాశాల విద్యార్థులు, స్వతంత్రంగా పనిచేసే జియాలజిస్టులు, స్వచ్ఛంద సంస్థలు, విలేఖరులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు దీని బయటే ఉన్నారు. పట్టా చేతికొచ్చి కళాశాల విడిచిన విద్యార్థి కూడా ఆ రోజు నుంచి బయటివాడే. ఇలాంటివారు ఆధారపడుతూ వచ్చిన, చందా వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా అందించే సై-హబ్ వెబ్‌సైటు మీద ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి.

బోరు దగ్గర ఈ చదువు విలువ

డైకు వయసు తెలిస్తే ఏమిటి లాభం అని రైతు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. వయసుతో ఆయనకు పని లేకపోవచ్చు, డైకు ఎక్కడుందన్న దానితో మాత్రం ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న, చిత్రావతి ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. సేద్యం బోర్ల మీద ఆధారపడింది. నీటి ప్రవాహానికి డైకు అడ్డంగా పడితే ఎగువ పక్కన నీరు నిలుస్తుంది, దిగువ పక్కన బోర్లు ఎండుతాయి. డైకు అంచు వెంట రాయి చిట్లి ఉంటే ఆ పగుళ్లలోనే నీరు నడుస్తుంది. పాయింటు ఎక్కడ పెట్టాలన్నది తేల్చడంలో ఇది అక్కరకొచ్చే విషయం.

లోతు సంగతి ఇంకా ముఖ్యం. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్సు భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి నడిపిన ఇండో-ఫ్రెంచ్ భూగర్భ జల పరిశోధన కేంద్రం ఆ నగరం దగ్గరి మహేశ్వరం ప్రాంతపు గ్రానైటును ఏళ్ల తరబడి పరిశీలించింది. బెనువా దెవాందెల్, సహ రచయితలు 2006లో ‘జర్నల్ ఆఫ్ హైడ్రాలజీ’లో దాని నమూనాను వివరించారు. పైన వాతావరణానికి గురై మెత్తబడిన పొర. దాని కింద సన్నని పగుళ్లతో నిండిన పొర. బోరుకు నీళ్లిచ్చేది ముఖ్యంగా ఇదే. ఆ కింద చెక్కుచెదరని రాయి. పగుళ్ల పొర దాటాక కిందికి వెళ్లేకొద్దీ నీరున్న పగులు తగిలే అవకాశం తగ్గిపోతుంది. ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు దించి అప్పుల పాలైన కుటుంబాలున్న సీమలో ఈ మూడు పొరల సంగతి ప్రతి ఊరికీ తెలియాల్సినది. బీఆర్‌జీఎం పరిశోధకుల రాతప్రతులు ఎన్నో ఫ్రాన్సు జాతీయ భాండాగారం ‘హాల్’లో ఉచితంగా ఉన్నాయి. తెలుగు నేల గ్రానైటు గురించి ఫ్రాన్సు భాండాగారం ద్వారా చదువుకోవడం మేలే, కానీ ఆ పని ఇక్కడి సంస్థలు మొదట చేసి ఉండాల్సింది.

డేటాను నిజంగా జనం మధ్యకు తెచ్చిన ప్రయత్నం ఈ జిల్లాలో ఒకటుంది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే రైతు నిర్వహణ భూగర్భ జల పథకం నెదర్లాండ్స్ సాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచి 2009 ప్రాంతంలో ముగిసింది. వాటిలో అనంతపురం ఒకటి. రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ, వర్షమాపకం చూసి రోజువారీ వాన లెక్క రాశారు. ఎంపిక చేసిన బావుల్లో నీటి మట్టం కొలిచారు. బోరు ఎంత నీరు పోస్తోందో పట్టి చూశారు. ఆ అంకెలను ఊళ్లో అందరికీ కనిపించే బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సినదెంత అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరు ఏ పంట వేయాలన్న నిర్బంధం లేదు. లెక్క తెలిశాక ఎక్కువ నీరు తాగే పంటను తగ్గించుకున్న రైతులున్నారని ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాలపై వెలువరించిన నివేదిక మెచ్చుకుంది. ఓపెన్ యాక్సెస్ చరిత్రలు రాసేవారు ఈ బోర్డుల ప్రస్తావన తేరు. తేవాలి.

పటాలు, ఉపగ్రహ చిత్రాలు

వ్యాసాల కన్నా డేటా వేగంగా తెరుచుకుంది. అమెరికా 2008లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల భాండారాన్ని ఉచితం చేసింది. వెల పెట్టి అమ్మిన రోజుల్లో బాగా అమ్ముడైన ఏడాదిలో కూడా సుమారు 25,000 చిత్రాలే పోయాయి. ఉచితమైన తొలి ఏడాదిలో పది లక్షలు దాటాయి. ధర్మవరం చెరువు ఏ ఏడు నిండింది, ఏ ఏడు ఎండిందో దశాబ్దాల వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఇస్రో 2009లో భువన్ అనే ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైటును తెచ్చింది. జీఎస్ఐ భూకోశ్ ద్వారా భూగర్భ పటాలను అందిస్తోంది. 2023 డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన డేటా భాండాగారం మొదలైంది. కేంద్ర భూగర్భ జల మండలి జిల్లా నివేదికలు, జలధారక పటాల నివేదికలు కూడా ఉచితమే. 

నకిలీ పత్రికలు

రచయిత డబ్బు కట్టే పద్ధతిని అడ్డుపెట్టుకుని, సమీక్ష లేకుండానే అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. పీహెచ్‌డీకి వ్యాసం తప్పనిసరి అన్న నిబంధన వాటికి మేత వేసింది. యూజీసీ 2018లో తాను ఆమోదించిన పత్రికల జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించి, తర్వాత నమ్మదగిన పత్రికలతో కేర్ జాబితా తెచ్చి, 2025 ఫిబ్రవరిలో దాన్నీ విరమించుకుంది. జిల్లా నీటి నాణ్యత మీద వచ్చిన వ్యాసాల్లో ఇలాంటి పత్రికల్లో తేలినవీ ఉంటాయి. నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందన్న అంకెను వాడుకునే ముందు అది ఏ పత్రికలో వచ్చిందో చూసుకోవాలి.

తెలుగులో సారాంశం

వ్యాసం ఉచితమైనా ఇంగ్లీషులోనే ఉంటుంది, అదీ నిపుణుల ఇంగ్లీషులో. ‘వోల్కానికా’, ‘సీస్మికా’ పత్రికలు ఇంగ్లీషు సారాంశంతో పాటు మరో భాషలోనూ సారాంశం ఇచ్చే వీలు కల్పించాయి. అధ్యయనం జరిగిన చోటి భాషలో నాలుగు ముక్కలు ఉండాలన్నదే ఉద్దేశం. జీఎస్ఐ, ఎన్‌జీఆర్‌ఐ, అకాడమీ పత్రికలు, ఇక్కడి విశ్వవిద్యాలయాలు ఈ పద్ధతి చేపట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. పెనుకొండ డైకు వ్యాసానికి అలాంటి సారాంశం రాయాలంటే ఒక పేజీ చాలు: ఊరి దగ్గరి నల్లరాయి వరస ఎటు నుంచి ఎటు సాగుతుంది, దాని వయసెంత, ఆ వయసు ఎలా కట్టారు, కర్ణాటకలో దాని జోడీ రాయి ఎక్కడుంది, ఆ వరసకు ఎగువన, దిగువన ఉన్న బావుల్లో నీరు ఎందుకు తేడాగా ఉండొచ్చు.